ఎండాకాలం పొద్దున్నే పిట్టల కోసం పార్కుకి: ఐదారుగురు కలిసి ఎలా వెళ్లాలి

మే నెలలో పిట్టలు చూడ్డానికి వెళ్దామంటే ఎవరైనా ముందు అనే మాట "ఈ ఎండల్లోనా?" అని. నేను మాత్రం కొత్తవాళ్లని మొదటిసారి తీసుకెళ్లేది ఎండాకాలంలోనే. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వలస పక్షులు దిగుతాయి. ఒకేలా కనిపించే పది రకాల చిన్న పిట్టల మధ్య కొత్తవాళ్లకి కంగారు పుడుతుంది. ఏప్రిల్ చివరికల్లా వాటిలో చాలావరకు వెళ్లిపోతాయి. మిగిలేవి ఏడాదంతా మన మధ్యే ఉండే పిట్టలు. పైగా ఇది వాటికి గూళ్లు కట్టుకునే కాలం. పాడతాయి, పోట్లాడుకుంటాయి, నోట పుల్లలు పట్టుకుని తిరుగుతాయి. చెట్లకి ఆకు పలచగా ఉంటుంది కాబట్టి కొమ్మ మీద కూర్చున్నది కూర్చున్నట్టే కనిపిస్తుంది.

మేం వెళ్లేది హైదరాబాద్ కేబీఆర్ పార్కుకి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్యలో సుమారు 143 హెక్టార్ల రాతి నేల, పొదలు, ఎండుటాకుల అడవి. 1998లో నేషనల్ పార్క్ అయింది. బయట చుట్టూ ఉన్న ట్రాక్ మీద వాకర్స్ రద్దీ, పక్కనే ట్రాఫిక్. పిట్టల కోసమైతే టికెట్ కొనుక్కుని లోపలికే వెళ్లాలి. మీ ఊళ్లో ఇంత పార్కు లేకపోయినా ఫర్వాలేదు. నాలుగు వేపచెట్లు, ఒక రావిచెట్టు, కాస్త పొద, వీలైతే ఒక నీటి గుంట ఉన్న మునిసిపల్ పార్కు చాలు. పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ముందు మనుషుల సంగతి చూసుకోండి. ఆరుగురికి మించొద్దు. నేను మొదటిసారి ఉత్సాహం కొద్దీ అందరికీ చెబితే పద్నాలుగు మంది వచ్చారు. అందరూ చేరేసరికి ఏడయింది. ముందు నడిచేవాళ్లకి కనిపించిన పిట్ట వెనకవాళ్లు వచ్చేసరికి ఎగిరిపోయేది. ఎనిమిది దాటాక ఒక పిల్లాడికి తల తిరిగింది. వాణ్ణి నీడలో కూర్చోబెట్టి, ఓఆర్ఎస్ నీళ్లు తాగించి, అక్కడి నుంచే వెనక్కి తీసుకొచ్చేశాం. ఆ రోజు మేం సరిగ్గా చూసింది కాకులు, పావురాలు. ఆ తర్వాత నుంచి ఐదారుగురమే, గేటు తీసే టైముకే. మా బృందంలో ఇప్పుడు ఆఫీసు స్నేహితులిద్దరు, పక్కింటి ఆరో తరగతి అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య ఉంటారు. పెద్దవాళ్లని తప్పకుండా పిలవండి. పల్లెలో పెరిగినవాళ్ల దగ్గర పిట్టల పేర్లుంటాయి. పొదలోంచి గోధుమరంగు రెక్కలతో, నల్లటి ఒళ్లుతో, ఎర్రటి కళ్లతో ఒక పెద్ద పిట్ట నింపాదిగా నడిచి వస్తే మేం ఫోన్లో వెతుకుతున్నాం. అత్తయ్య చూసీ చూడగానే "జెముడుకాకి" అన్నారు.

ముందు రోజు సర్దుకోవాల్సినవి

మే మధ్యలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఐదూ నలభై ఐదు ప్రాంతంలో. మీ పార్కు గేటు ఎన్నింటికి తీస్తారో కనుక్కుని, ఆ టైముకి గేటు ముందు ఉండేలా చూసుకోండి. మొదటి గంటన్నరలో కనిపించినన్ని పిట్టలు ఆ తర్వాత కనిపించవు. ఎండెక్కాక అవి కూడా నీడ చూసుకుని ఊరుకుంటాయి.

బట్టలు ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగుల్లో, కాటన్‌వి. తెలుపు, మెరిసే రంగులు వద్దు. చేతులు కప్పే చొక్కా, టోపీ, కాలిని పూర్తిగా మూసే బూట్లు. మనిషికి లీటరు నీళ్లు స్టీలు సీసాలో. సంచిలో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అత్తరు, సెంటు పూసుకోకండి, తేనెటీగలు ముసురుతాయి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోండి.

బైనాక్యులర్స్ ఇద్దరికి ఒకటి ఉంటే చాలు. కొనేటప్పుడు షాపువాళ్లు పెద్ద నంబర్ చూపించి ఇదే మంచిదంటారు. వినకండి. దాని మీద 8x42 అని రాసి ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. పిట్టలకి అదే సరిపోతుంది. అంతకంటే రెట్లు పెరిగితే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గిపోతుంది.

వాడటం ఇంటి దగ్గరే నేర్పండి. డాబా మీద నిలబడి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద అక్షరాలు చూడమనండి. ముందు రెండు గొట్టాలని మీ కళ్ల దూరానికి సరిచేసుకోవాలి, రెండు వలయాలు కలిసి ఒకటే గుండ్రంగా కనిపించేదాకా. తర్వాత కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టంగా కనిపించేలా చేసుకోవాలి. ఆపైన ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం దగ్గర ఉండే చిన్న రింగు తిప్పి ఆ కంటికీ సరిచేసుకోవాలి. ఒకసారి చేస్తే చాలు, ఇక పార్కులో మధ్య చక్రంతోనే పని. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులని లోపలికి దించుకోవాలి. పిట్ట కనిపించగానే తల దించి బైనాక్యులర్స్ వెతుక్కోవడం అందరూ చేసే పొరపాటు. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా, బైనాక్యులర్స్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు, కళ్లు పోతాయి. ఇది పిల్లలకి రెండుసార్లు చెప్పండి.

మొదటి పది నిమిషాలు నడవకండి

లోపలికి వెళ్లాక గేటుకి యాభై అడుగుల దూరంలో నిలబడిపోండి. అందర్నీ కళ్లు మూసుకోమనండి. వినిపించిన ప్రతి కొత్త గొంతుకీ ఒక వేలు మడవమనండి. పది నిమిషాల తర్వాత కళ్లు తెరిచి ఎవరికెన్ని వినిపించాయో చెప్పుకోండి. మొదటిసారి మా పక్కింటి అమ్మాయి ఏడు వేళ్లు మడిచింది, నాకు ఐదే వినిపించాయి.

మే నెలలో తప్పకుండా వినిపించే గొంతులు కొన్ని ఉన్నాయి. కోకిల సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. "కుహూ" అని స్థాయి పెంచుకుంటూ పాడేది మగది. నల్లగా నిగనిగలాడుతుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి. ఆడది గోధుమరంగులో ఉండి, ఒళ్లంతా తెల్లటి చుక్కలు, చారలతో ఉంటుంది. "కిక్ కిక్ కిక్" అని గీపెడుతుంది. మనం కోకిలమ్మ అని పిలుచుకుంటాం కానీ పాట కోకిలయ్యదే. ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య చాలాసేపు నమ్మలేదు. రావిచెట్టులో రెండూ పక్కపక్కనే కనిపించాక నమ్మారు.

రెండోది కంసాలి పిట్ట. దూరంగా ఎవరో రాగి బిందె మీద చిన్న సుత్తితో కొడుతున్నట్టు "టుక్ టుక్ టుక్" అని ఆగకుండా వినిపిస్తుంది. చెట్టు మొత్తం వెతికినా దొరకదు, ఎందుకంటే పాడుతూ తల అటూ ఇటూ తిప్పుతుంది. శబ్దం ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఎండిన పైకొమ్మల చివర వెతకండి. పిచ్చుకంత ఆకుపచ్చటి పిట్ట, నుదుట ఎర్రటి బొట్టు, పసుపుపచ్చ గొంతు. బైనాక్యులర్స్‌లో దొరికితే ఆ గొంతునే చూడండి. ముక్కు మూసే ఉంటుంది, ప్రతి "టుక్"కీ గొంతు మాత్రం ఉబ్బుతుంది.

పొదలోంచి "టువీ టువీ టువీ" అని గట్టిగా వినిపిస్తే దర్జీ పిట్ట. ఇంత గొంతు ఇంత చిన్న పిట్టదా అనిపిస్తుంది. ఆకుల్ని పీచుతో, సాలెపట్టుతో కుట్టి అందులో గూడు పెడుతుంది. కేబీఆర్‌లో అయితే వీటన్నిటి మీదుగా నెమలి కేక వినిపిస్తుంది. మగ నెమళ్లకి ఈ కాలంలో పింఛం నిండుగా ఉంటుంది, వానలు వెళ్లేటప్పుడు ఈకలు రాలిపోతాయి. పురి విప్పినప్పుడు మాట్లాడకుండా ఉంటే, వణికే ఈకలు ఒకదానికొకటి రాసుకునే గలగల కూడా వినొచ్చు.

పేరు తర్వాత, పని ముందు

ఇక నడక మొదలు. గంటకి కిలోమీటరు దాటకూడదు. నీడ, నీళ్లు, పండ్లున్న చెట్టు, ఈ మూడింటిలో ఏది కనిపించినా పది నిమిషాలు ఆగండి. మే, జూన్‌లలో వేపపండ్లు వస్తాయి. కోకిలలు, పికిలిపిట్టలు, గోరింకలు వాటి కోసం దిగుతాయి. మర్రి, రావి, మేడి పండ్లు కాచిన చెట్టు దొరికితే ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. దాని కింద అరగంట నిలబడండి చాలు.

ఏదైనా పిట్ట కనిపించగానే అందరూ అడిగేది "అదేం పిట్ట?" అని. మీకు తెలిసినా వెంటనే చెప్పకండి. "ఏం చేస్తోంది?" అని తిరిగి అడగండి. పేరు చెప్పేస్తే చూడటం అక్కడితో ఆగిపోతుంది. "ఓహో" అని ముందుకి వెళ్లిపోతారు. ఏం చేస్తోందో చెప్పాలంటే నిలబడి చూడాలి. ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చింది ఈ ఒక్క పద్ధతే.

ఒకసారి తీగ మీద ఆకుపచ్చటి సన్నటి పిట్ట, తోకలోంచి సూదుల్లా రెండు ఈకలు. నేను పేరు చెప్పలేదు. పక్కింటి అమ్మాయి చూస్తూ చెబుతోంది: "ఎగిరింది. గాల్లో ఏదో పట్టుకుంది. మళ్లీ అక్కడికే వచ్చింది. కొడుతోంది, తీగకేసి కొడుతోంది." నోట్లో తేనెటీగ. ముక్కుతో దాన్ని పట్టుకుని ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి తీగకేసి బాదింది. తర్వాత తీగకి ఆనించి రాసింది. ముల్లు, విషం పోయాక పైకెగరేసి మింగింది. అప్పుడు చెప్పాను, దీని పేరు పసిరిక అని. ఆ అమ్మాయి ఆ పేరు మళ్లీ మర్చిపోలేదు.

చూసేటప్పుడు ఒక వరస పెట్టుకుంటే మంచిది. ముందు ఎంత ఉంది: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఈ మూడూ అందరికీ తెలుసు కాబట్టి కొలతకి పనికొస్తాయి. తర్వాత ముక్కు, తోక ఎలా ఉన్నాయి, ఎక్కడ కూర్చుంది, ఏం చేస్తోంది. రంగు చివర. రంగు మోసం చేస్తుంది. వెలుగుకి ఎదురుగా ఉంటే ఆకుపచ్చ పిట్ట కూడా నల్లగా కనిపిస్తుంది. మగ తేనెపిట్ట నీడలో బొగ్గులా ఉంటుంది, ఎండ పడితే ఊదా, నీలం మెరుపులు వస్తాయి. అందుకే సూర్యుణ్ణి ఎప్పుడూ వీపు వైపు ఉంచుకుని నిలబడండి.

పికిలిపిట్టని దాని నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చతో పట్టేయొచ్చు. నల్లగా ఉండి తోక చేపతోకలా చీలి ఉంటే ఏట్రింత. కాకినీ గద్దనీ వెంటపడి తరుముతుంటే ఇక అనుమానమే లేదు. నేల మీద చిన్న పిట్ట తోక నిలబెట్టి గెంతుతూ, ఆ తోక కింద ఇటుకరంగు కనిపిస్తే నల్లంచి.

పక్కవాళ్లకి చూపించడం ఒక నేర్పు. "అదిగో, అక్కడ, ఆ కొమ్మ మీద" అంటే ఎవరికీ అర్థం కాదు, చెయ్యి చాపితే పిట్ట ఎగిరిపోతుంది. చెట్టుని గడియారం అనుకోండి. చిటారు పన్నెండు, మొదలు ఆరు. "ఎడమవైపు వేపచెట్టు, రెండు గంటల దగ్గర, ఎండుకొమ్మ చివర" అని మెల్లగా చెబితే అందరి చూపూ అక్కడికే వెళ్తుంది. గుసగుసలాడొద్దు. సన్నటి "స్స్" శబ్దం దూరం పోతుంది. గొంతు తగ్గించి మామూలుగా మాట్లాడటమే మేలు.

గూడు కనిపిస్తే

ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను. గూడు కనిపిస్తే అడుగు ముందుకి కాదు, వెనక్కి వెయ్యాలి. ఫొటో కోసం కొమ్మ వంచడం, ఆకులు తప్పించడం చేస్తే అక్కడ గూడు ఉందని కాకికి మనమే చూపించినట్టు అవుతుంది. మనం ఉన్నంతసేపు తల్లి తిరిగి రాదు. నలభై డిగ్రీల ఎండలో గుడ్డు మీద నీడ పడకపోతే కొద్దిసేపటికే లోపలి పిల్ల చచ్చిపోతుంది.

తీతువు పిట్టని చూస్తే ఇది అర్థమవుతుంది. చెరువు గట్టున, రాళ్ల నేల మీద పొడుగాటి పసుపు కాళ్లతో, కళ్ల ముందు ఎర్రటి తోలుతో తిరుగుతుంటుంది. గూడంటూ ఏమీ కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లకీ రాళ్లకీ తేడా తెలియదు. ఎండ ముదిరినప్పుడు ఆ పిట్ట నీళ్ల దగ్గరికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వస్తుంది, ఆ తడితో గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. అది కూస్తే చెడు జరుగుతుందని మన దగ్గర భయపడతారు. నిజానికి అది మీ నెత్తి మీద తిరుగుతూ అరుస్తోందంటే "నా గుడ్లు మీ కాళ్ల దగ్గరున్నాయి, తొక్కకండి" అని. ఉన్నచోటే ఆగి, కింద చూసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి.

ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా వద్దు. తన చోటులోకి ఇంకో మగది వచ్చిందనుకుని పిల్లల మేత వదిలేసి పోట్లాటకి వస్తుంది. బిస్కెట్లు, మిక్చర్ చల్లకండి. నేషనల్ పార్కులో అయితే రాలిన ఈక కూడా తెచ్చుకోకూడదు. దారి దిగి పొదల్లోకి వెళ్లొద్దు, రాళ్ల కింద పాములుంటాయి.

ఫోనూ, నోట్‌బుక్కూ

అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. చుట్టూ కూస్తున్న పిట్టల గొంతు విని పేర్లు చూపిస్తుంది. బాగా పనికొస్తుంది కానీ అప్పుడప్పుడు పొరబడుతుంది కూడా. దాన్ని సాక్ష్యంగా కాకుండా సలహాగా తీసుకోండి. అది చెప్పిన పిట్టని కంటితో చూసాకే రాసుకోండి. నడక మొదటి గంట యాప్ తెరవకుండా ఉంటే చెవికి అలవాటవుతుంది.

నోట్‌బుక్‌లో తేదీ, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, నడిచిన దూరం రాయండి. పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోతే "గోరింకంత, తోక పొడుగు, నేల మీద గుంపుగా ఏడు, గోల" అని రాసినా చాలు, ఇంటికొచ్చి పుస్తకంలో చూస్తే బాబ్లర్లని తేలుతుంది. కాకుల్ని కూడా లెక్కపెట్టండి. తర్వాత ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే మీ లెక్క పరిశోధకులకి కూడా ఉపయోగపడుతుంది. ఏటా మే నెలలో ప్రపంచమంతా ఒకే రోజు పిట్టల్ని లెక్కపెట్టే గ్లోబల్ బిగ్ డే ఉంటుంది. మొదటి నడక ఆ రోజున పెట్టుకుంటే పిల్లలకి భలే హుషారు.

ఈ రాతలు వృథా పోవు. 1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పట్లో ఎక్కడ ఏ పిట్ట ఉండేదో ఈ రోజు మనకి తెలిసేది ఆ రాతల వల్లే. 1980లో హైదరాబాద్‌లో మొదలైన పక్షి ప్రేమికుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది, వాళ్లు కొత్తవాళ్లని కూడా నడకలకి రానిస్తారు. మీకు తోడు దొరక్కపోతే అలాంటివాళ్లతో ఒకసారి వెళ్లి చూడండి.

ఎనిమిదికి ఆపేయండి

ఎంత బాగా కనిపిస్తున్నా ఎనిమిదికి వెనక్కి తిరగాలి. కొమ్మ మీద కాకి నోరు తెరుచుకుని రొప్పుతూ కనిపిస్తే అదే గుర్తు. పిట్టలకి చెమట పట్టదు, ఇలా రొప్పుతూ నోటి ద్వారా ఒంటి వేడి పంపుకుంటాయి. అవి రొప్పే టైముకి మనం నీడలో ఉండాలి. మేమైతే గేటు బయట నీడ చూసుకుని కూర్చుంటాం. అత్తయ్య సీసా నిండా పల్చటి మజ్జిగ తెస్తారు, అల్లం, కరివేపాకు దంచి కలిపి. అది తాగుతూ ఒక్కొక్కరం ఆ రోజు చూసినవాటిలో ఒక్క పిట్ట గురించి చెప్పాలి. పేరు కాదు, అది ఏం చేసిందో. నోట్‌బుక్‌లో అందని సంగతులు అక్కడ బయటికొస్తాయి.

ఇంటికొచ్చాక బాల్కనీలోనో డాబా మీదో నీడపట్టున వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. రెండంగుళాల లోతు మించకూడదు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. రోజూ పొద్దున్నే నీళ్లు పారబోసి, మూకుడు తోమి మళ్లీ నింపాలి. లేకపోతే దోమలు పెరుగుతాయి, పిట్టలకి జబ్బులూ వస్తాయి. మొదటి మూడు నాలుగు రోజులు ఏదీ రాకపోవచ్చు. తీసెయ్యకండి.

రెండో నడకని జూన్‌లో, తొలివాన పడ్డాక, అదే దారిలో పెట్టుకోండి. అప్పటికి కాకి గూట్లో కోకిల పిల్ల పెరిగి ఉంటుంది. తనకంటే వేరుగా ఉన్న పిల్ల నోట్లో కాకి మేత పెట్టడం చూడొచ్చు. ఇంకా, నలుపు తెలుపుల్లో, నెత్తిన కుచ్చుతో, ఎగిరితే రెక్కల మీద తెల్లటి మచ్చ కనిపించే పిట్ట కోసం కళ్లు కాస్త పైకెత్తి ఉంచండి. రుతుపవనాల గాలులతో పాటు ఆఫ్రికా వైపు నుంచి వచ్చే చాతక పక్షి అది. కోకిలకి కాకి ఎలాగో దీనికి బాబ్లర్లు అలాగ. కాబట్టి పొదల్లో బాబ్లర్ల గుంపు ఎక్కడ గోల చేస్తోందో చూసి, ముందు అక్కడ నిలబడండి.